చీటీలో ఆరు, డబ్బా మీద ఐదున్నర: కళ్ళద్దాల చూపుకూ సాఫ్ట్ లెన్సు చూపుకూ తేడా ఎక్కడుంది?

"ఏందన్నా, డాక్టరు ఆరు రాస్తే నువ్వు ఐదున్నర ఇచ్చినావే?"

తిరుపతిలో ఏ కళ్ళద్దాల షాపులో కాసేపు కూర్చున్నా ఈ మాట చెవిన పడుతుంది. పెళ్ళిళ్ళ సీజన్లో అయితే చెప్పనక్కర్లేదు. తలంబ్రాలప్పుడు అద్దాలుండకూడదని పెళ్ళికూతురు, ఫోటోల్లో అద్దాల మీద లైట్లు మెరుస్తున్నాయని ఆమె చెల్లెలు, బౌలింగ్ వేసేటప్పుడు జారిపోతున్నాయని యూనివర్సిటీ కుర్రాడు సాఫ్ట్ కాంటాక్ట్ లెన్సులు అడుగుతారు. రుయా ఆసుపత్రిలోనో, అలిపిరి దగ్గరి అరవింద్‌లోనో రాయించుకున్న కళ్ళద్దాల చీటీ చేతిలో ఉంటుంది. డబ్బా మీది అంకె దాంతో కలవదు. "లెన్సుకు అంతే వస్తుంది మ్మా" అంటాడు షాపతను. అతను చెప్పింది నిజమే, కానీ ఎందుకో చెప్పడు. కొన్నామెకు అనుమానం పోదు.

పెట్టుకున్నాక ఇంకో చిక్కు. ఒకరు "అబ్బ, అంతా పెద్దగా, తేటగా కనబడతా ఉంది" అంటారు. అదే షాపులో అదే కంపెనీ లెన్సు కొన్న ఇంకొకరు "పగలు బాగానే ఉంది గానీ రాత్రయితే లైట్లు చెదిరిపోతా ఉండాయి, నాకు అద్దాలే మేలు" అంటారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. లెన్సు ఒకటే, చీటీల్లోని అంకెలు వేరు. అద్దాలు గొప్పవా లెన్సులు గొప్పవా అన్న వాదన ఎన్నేళ్ళయినా తెగకపోవడానికి కారణం ఇదే.

## చీటీలోని అంకెలు ఏం చెబుతాయి

ఒక్కో కంటికి మూడు అంకెలుంటాయి. మొదటిది స్ఫియర్, మనం మామూలుగా పవర్ అనేది. రెండోది సిలిండర్. మూడోది యాక్సిస్, ఆ సిలిండర్ ఏ కోణంలో కూర్చోవాలో చెప్పే డిగ్రీ.

కంటిగుడ్డు కాస్త పొడుగ్గా ఉంటే దూరం నుంచి వచ్చే వెలుతురు కంటి వెనకుండే తెర, అంటే రెటీనా దాకా చేరకముందే ఒక చోట కూడుతుంది, దూరపువి మసకేస్తాయి. దీనికి మైనస్ పవర్. కొలత డయాప్టర్లలో. 1ని ఆ అంకెతో భాగిస్తే అద్దాలు లేకుండా ఎంత దూరం దాకా తేటగా కనిపిస్తుందో మీటర్లలో దాదాపు తెలిసిపోతుంది. -2 ఉన్నవారికి అర మీటరు. -6 ఉన్నవారికి జానెడు కూడా ఉండదు.

కంటి ముందుండే పారదర్శకమైన పొర, కార్నియా, అన్ని దిక్కులా ఒకే వంపుతో ఉంటే సిలిండర్ అవసరం రాదు. నిలువు వంపు ఒకలా, అడ్డం వంపు ఒకలా ఉంటే గీతలు ఒక దిక్కున తేటగా, ఇంకో దిక్కున అలికినట్టు కనిపిస్తాయి. ఆ తేడాను సరిచేసేదే సిలిండర్. చాలామంది చీటీలో మొదటి అంకెనే చూసి రెండోదాన్ని వదిలేస్తారు. లెన్సుల విషయంలో అసలు కథంతా ఆ రెండో అంకెలోనే ఉంటుంది, అది కాసేపాగి.

## కంటికీ అద్దానికీ నడుమ 12 మిల్లీమీటర్లు

కళ్ళద్దం కంటికి ఆనుకుని ఉండదు. కార్నియాకు సుమారు 12 నుంచి 14 మి.మీ. ముందు నిలబడుతుంది. కాంటాక్ట్ లెన్సు కార్నియా మీద, పలచటి కన్నీటి పొర పైన తేలుతుంది. మైనస్ అద్దం కిరణాలను విప్పి పంపుతుంది. ఆ 12 మి.మీ. దాటేసరికి వాటి విప్పు కొంచెం తగ్గుతుంది. అందుకే ముక్కు మీది -6 అద్దం చేసే పనిని కంటి మీద కూర్చున్న లెన్సు తక్కువ పవర్‌తోనే చేయగలుగుతుంది.

లెక్క కష్టమేమీ కాదు. దూరాన్ని మీటర్లలో వేసుకుని పవర్‌తో గుణించాలి: 0.012 ఇంటూ 6 అంటే 0.072. మైనస్ పవర్ అయితే దాన్ని 1కి కలపాలి, 1.072. ఇప్పుడు 6ను 1.072తో భాగిస్తే 5.60. లెన్సులు పావు మెట్లలో వస్తాయి కాబట్టి -5.50. షాపతను తగ్గించిందేమీ లేదు.

ఇదే లెక్క -4కు వేస్తే 3.82 వస్తుంది, -3.75 ఇస్తారు. -3కి 2.90, అంటే -3 పెట్టినా పెద్ద తేడా లేదు. అందుకే 4 కన్నా తక్కువ ఉన్నవాళ్ళకు చీటీలోని అంకె, డబ్బా మీది అంకె సాధారణంగా ఒకటే. -10కి మాత్రం 8.93, ఏకంగా ఒక డయాప్టర్ తేడా. ప్లస్ పవర్‌కు ఇదంతా తిరగబడుతుంది. 0.072ను 1లోంచి తీసేయాలి, +6 అద్దం స్థానంలో +6.50 లెన్సు కావాలి. కళ్ళద్దాల చీటీతోనే నెట్‌లో లెన్సులు తెప్పించుకునేవాళ్ళలో ఎక్కువ పవర్ ఉన్నవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. -10 చీటీ పట్టుకుని -10 లెన్సే తెప్పించుకుంటే కన్ను రోజంతా ఒక డయాప్టర్ అదనపు శ్రమ చేస్తుంది. చిన్న వయసులో అది చూపులో తెలియదు, సాయంత్రానికి నుదుటి నొప్పిగా తెలుస్తుంది.

## "పెద్దగా కనబడుతోంది" అన్నది భ్రమ కాదు

మైనస్ అద్దాల వెనకున్న కళ్ళు బయటివాళ్ళకు చిన్నవిగా కనిపిస్తాయి. "అద్దాలు తీస్తే నీ కళ్ళు ఇంత పెద్దవా!" అని ఆశ్చర్యపోయే బంధువు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. అద్దం లోంచి బయటికి చూసేవారికీ ప్రపంచం అలాగే కుదించుకుని కనిపిస్తుంది. అలవాటైపోయి గుర్తించరు, అంతే.

ఎంత కుదించుకుంటుందో పై లెక్కలోనే ఉంది. 5.60ని 6తో భాగిస్తే 0.93. అద్దం మందాన్ని పక్కన పెడితే, -6 అద్దం లోంచి రెటీనా మీద పడే బొమ్మ, లెన్సుతో పడే బొమ్మలో 93 శాతం. అంటే 7 శాతం చిన్నది. -10కి 11 శాతం చిన్నది. -3కి మూడున్నర శాతం, పట్టించుకోనక్కర్లేనంత.

కళ్ళ డాక్టరు గదిలోని చార్టుతో చూద్దాం. మామూలు చూపుకు కొలతగా తీసుకునే 6/6 వరసలోని అక్షరం ఎత్తు 6 మీటర్ల దూరానికి సుమారు 8.7 మి.మీ. ఉంటుంది. లెన్సు పెట్టుకున్న -6 కన్ను ఆ అక్షరాన్ని చదువుతుంటే, అదే కన్ను అద్దాలతో 8.1 మి.మీ. అక్షరం చదువుతున్నట్టు లెక్క. చార్టులో 6/9 వరస నుంచి 6/6 వరసకు ఉండే తేడా దీనికన్నా చాలా ఎక్కువ కాబట్టి చాలామందికి వరస మారదు. ఉన్న వరసే సులువుగా చదువుతారు. -10, -12 ఉన్నవాళ్ళలో కొందరు మాత్రం అద్దాలతో తడబడ్డ వరసను లెన్సుతో గడగడా చదివేస్తారు.

ప్లస్‌లో దీనికి ఎదురు. వెనకటి రోజుల్లో శుక్లాల ఆపరేషన్ చేసి కంట్లో కృత్రిమ లెన్సు అమర్చకుండా వదిలేసినప్పుడు తాతలు పెట్టుకున్న సోడాబుడ్డి అద్దాలు వస్తువులను పావు వంతుకు మించి పెద్దవి చేసి చూపేవి. గ్లాసు అందుకోబోతే చెయ్యి ముందే ఆగిపోయేది.

## రెండు కళ్ళకు రెండు పవర్లుంటే

ఇక్కడ లెన్సు మొగ్గు బాగా తెలుస్తుంది. కుడి కన్ను -1, ఎడమ కన్ను -6 అనుకుందాం. అద్దాలతో కుడి కంటి బొమ్మ ఒక్క శాతం తగ్గితే ఎడమ కంటిది 7 శాతం తగ్గుతుంది. రెండు సైజుల బొమ్మలను మెదడు కలిపి ఒకటి చేయాలి. మూడు నుంచి ఐదు శాతం తేడా వచ్చేసరికే చాలామందికి తలనొప్పి, తిప్పటం, నేల వాలినట్టు అనిపించడం మొదలవుతాయి.

దీనికి సిద్ధాంతంలో ఒక అడ్డు ప్రశ్న ఉంది, అది న్యాయమైనదే. పవర్ తేడా కంటిగుడ్డు పొడవు వల్ల వచ్చిందైతే, పొడుగైన కంట్లో బొమ్మ ఎలాగూ పెద్దదవుతుంది, అద్దం దాన్ని కుదించి రెండో కంటికి సమానం చేస్తుంది, కాబట్టి అద్దాలే సరైనవి అంటుంది న్యాప్ సూత్రం. కాగితం మీద అది సరిగ్గానే ఉంది. కానీ సాగిన కంట్లో రెటీనా కూడా సాగి ఉంటుంది, బొమ్మ కొలతా మనిషికి కలిగే అనుభవమూ ఒకటి కావు. పైగా కన్ను కదలగానే ఇంకో ఇబ్బంది వచ్చి పడుతుంది.

అద్దం మధ్యలోంచి చూసినంతసేపు కిరణం నేరుగా వస్తుంది. మధ్య నుంచి జరిగితే అద్దం పట్టకంలా పనిచేసి వస్తువును పక్కకు జరిపి చూపుతుంది. ఎంత జరుపుతుందంటే, మధ్య నుంచి జరిగిన దూరాన్ని సెంటీమీటర్లలో తీసుకుని పవర్‌తో గుణించండి. వచ్చినన్ని సెంటీమీటర్లు, ఒక మీటరు దూరంలోని వస్తువుకు. మెట్లు దిగుతూ కిందికి చూసినప్పుడు చూపు అద్దం మధ్య నుంచి 1 సెం.మీ. కిందికి జారిందనుకోండి. కుడి కంటికి 1 సెం.మీ., ఎడమ కంటికి 6 సెం.మీ. నిలువుగా అయిదు సెంటీమీటర్ల తేడా. అడ్డంగా అయితే కళ్ళు ఎలాగో సర్దుకుంటాయి, నిలువు తేడాను రెండు మూడుకు మించి భరించలేవు. అలిపిరి నడకదారిలో దిగేటప్పుడు మెట్టు అంచు రెండుగా కనబడుతోందని చెప్పేవాళ్ళలో కొందరి సమస్య ఇదే. లెన్సు కంటితోపాటే తిరుగుతుంది కనుక చూపు ఎటు వాలినా లెన్సు మధ్యలోంచే పోతుంది. సిద్ధాంతం ఎటు చెప్పినా ఇలాంటివారిలో చాలామందికి ఆచరణలో లెన్సే పొసగడం అందుకే.

## పక్కచూపు, రంగుల అంచులు, ఘాట్ రోడ్డు

రెండు కళ్ళకూ సమానంగా -6 ఉన్నవాళ్ళను కూడా ఈ పట్టకం వదలదు. పట్టకం అన్నాక తెల్లని వెలుతురును రంగులుగా చీలుస్తుంది. ఎంత చీలుస్తుందన్నది అద్దం పదార్థం మీద ఉంటుంది. దానికి ఆబే సంఖ్య అని ఒక కొలత, అది ఎంత ఎక్కువైతే అంత మంచిది. మామూలు ప్లాస్టిక్ అద్దానికి 58 దాకా ఉంటుంది. పగలదు, తేలిక అని మనవాళ్ళు పిల్లలకు వేయించే పాలీకార్బొనేట్‌కు 30. పలచగా ఉంటుందని డబ్బు ఎక్కువ పోసి కొనే 1.67 ఇండెక్స్ అద్దానికి 32 దరిదాపుల్లో. -6 అద్దంలో మధ్య నుంచి 1 సెం.మీ. పక్కకు చూస్తే వచ్చే రంగుల చీలిక మామూలు ప్లాస్టిక్‌తో పోలిస్తే పాలీకార్బొనేట్‌లో దాదాపు రెట్టింపు. రాత్రిపూట తెల్లటి బోర్డును ఓరగా చూస్తే అక్షరాల ఒక అంచున నీలం, రెండో అంచున పసుపు కనిపించేది దీనివల్లే. ఖరీదైన అద్దంలో ఈ దోషం ఎక్కువ కావచ్చునంటే షాపులో ఎవరూ నమ్మరు. సాఫ్ట్ లెన్సులో ఈ గొడవ దాదాపు లేదు.

దీనికి తోడు ఫ్రేము. మైనస్ అద్దం అంచు దగ్గర వస్తువు కొద్దిగా రెండుగా ఉంటుంది, అద్దం లోంచి ఒకటి, బయటి నుంచి మసకగా ఇంకొకటి. తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో బండి నడిపేవాళ్ళు తల తిప్పకుండా కళ్ళతోనే మలుపు లోపలి వైపును పట్టుకోవాలనుకుంటారు. అద్దాలవాళ్ళు మాత్రం తల కూడా తిప్పడం తెలియకుండానే అలవాటు చేసుకుంటారు. ప్లస్ అద్దంలో పరిస్థితి ఇంకా చెడ్డది. అంచు చుట్టూ ఒక వలయంలో అసలేమీ కనిపించదు, మనిషి అందులోంచి హఠాత్తుగా ఊడిపడ్డట్టు ఉంటుంది.

ప్రతిఫలనాలు కూడా ఉన్నాయి. కోటింగ్ లేని మామూలు అద్దం ఒక్కో ముఖం మీద సుమారు 4 శాతం వెలుతురును తిప్పికొడుతుంది, రెండు ముఖాలకు 8. అదే 1.67 ఇండెక్స్ అద్దమైతే 12 దాటుతుంది. మంచి యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్ వేయిస్తే ఇది చాలావరకు పోతుంది. ధనుర్మాసం చలిలో కొండ మీద మంచు, బస్సులోంచి దిగగానే అద్దం మీద పట్టే ఆవిరి, వర్షపు చుక్కలు, చెమటకు ముక్కు మీదినుంచి జారడం... వీటికి లెక్కలక్కర్లేదు.

ఇక్కడిదాకా చదివితే లెన్సు గెలిచేసినట్టే ఉంటుంది.

## సిలిండర్ దగ్గర కథ తిరగబడుతుంది

సాఫ్ట్ లెన్సును మొదట తయారుచేసింది చెక్ రసాయన శాస్త్రవేత్త ఒట్టో విచ్టర్లె. 1961 క్రిస్మస్ రోజుల్లో ఇంట్లోనే, పిల్లలు ఆడుకునే ఇనుప ముక్కల సెట్టును సైకిలు డైనమోకు తగిలించి తిప్పుతూ తయారుచేశాడు. 1971లో అమెరికాలో దాని అమ్మకానికి అనుమతి వచ్చింది. నీటిని పీల్చుకుని మెత్తగా మారే ఆ పదార్థమే లెన్సుకు సుఖాన్నిచ్చింది, దాని బలహీనత కూడా ఆ మెత్తదనమే. ఎగుడుదిగుడు రాతి మీద తడిగుడ్డ పరిస్తే గుడ్డ కూడా ఎగుడుదిగుడుగానే ఉంటుంది కదా. సాఫ్ట్ లెన్సు కార్నియా మీద అలాగే సర్దుకుంటుంది. కార్నియా వంపులోని తేడా లెన్సు పైభాగానికి కూడా వచ్చేస్తుంది. గట్టి లెన్సు అలా వంగదు, దాని కింది ఖాళీని కన్నీరు నింపి వంపును సరిచేస్తుంది. కార్నియా కోనుగా ఉబ్బే కెరటోకోనస్ జబ్బులో కళ్ళద్దాలూ మామూలు సాఫ్ట్ లెన్సులూ చేతులెత్తేసిన చోట గట్టి లెన్సు చూపు తెప్పించేది ఈ కారణంగానే.

సిలిండర్ తక్కువగా ఉన్నప్పుడు ఏం చేస్తారంటే, దాన్ని వదిలేసి అందులో సగం పవర్‌కు కలుపుతారు. చీటీలో -3.00, సిలిండర్ -0.75 ఉందనుకోండి. 0.75లో సగం 0.375. కలిపితే -3.375, దగ్గర్లో దొరికేది -3.25 లేదా -3.50. చార్టు ముందు కూర్చోబెడితే ఈ మనిషి 6/6 చదువుతాడు, కాస్త నిదానంగా. కానీ 0.75 సిలిండర్ అలాగే మిగిలిపోయి ఉంది. రాత్రి లైట్లు చెదురుతున్నాయని అన్నది ఇలాంటి మనిషే అయి ఉంటాడు.

ఎక్కువ సిలిండర్‌కు టోరిక్ లెన్సులున్నాయి. మంచివే, కానీ వాటికీ హద్దులున్నాయి. కళ్ళద్దంలో సిలిండర్ పావు మెట్లలో, యాక్సిస్ ఒక్కో డిగ్రీ చొప్పున దొరుకుతాయి. సాఫ్ట్ టోరిక్ లెన్సుల్లో ఎక్కువ కంపెనీలవి సిలిండర్ 0.75, 1.25, 1.75, 2.25 అంటూ అర మెట్లలో, యాక్సిస్ పది డిగ్రీల మెట్లలో వస్తాయి. చీటీలో యాక్సిస్ 165 ఉంటే 160కో 170కో సర్దుకోవాల్సిందే.

అంతకన్నా పెద్ద సంగతి, లెన్సు కంటిమీద తిరుగుతుంది. తిరగకుండా ఉండాలని కిందిభాగం కొంచెం బరువుగానో, రెప్ప తోసేలా పక్కలు మందంగానో చేస్తారు. అయినా రెప్ప ఒత్తిడికి అయిదో పదో డిగ్రీలు జరుగుతుంది. ఒక్కో డిగ్రీకి సిలిండర్‌లో మూడున్నర శాతం సరికాకుండా మిగులుతుందని లెక్క. 2 డయాప్టర్ల సిలిండర్, 10 డిగ్రీలు తిరిగింది అనుకుంటే 0.70 మిగిలిపోతుంది. 30 డిగ్రీలు తిరిగితే లెన్సు పెట్టుకున్నా సిలిండర్ పూర్తిగా మిగిలే ఉంటుంది, వేరే కోణంలో. మంచం మీద ఒక పక్కకు ఒరిగి పడుకుని ఫోను చూస్తే అక్షరాలు అలుక్కుపోయి, లేచి కూర్చుని రెండుసార్లు రెప్పలు కొడితే మళ్ళీ తేటపడడం టోరిక్ లెన్సు వాళ్ళందరికీ ఎరుకే.

## రెప్పపాటుకో చూపు

అద్దంలోంచి చూపు ఉదయం ఎలా ఉందో సాయంత్రం అలాగే ఉంటుంది, తుడిస్తే చాలు. లెన్సు చూపు మాత్రం నిమిషంలోనే మారుతూ పోతుంది. వెలుతురు మొదట తాకేది లెన్సును కాదు, దాని మీది కన్నీటి పొరను. ఆ పొర కొన్ని మైక్రాన్ల మందం. ఉత్త కంటి మీద ఉన్నదానికన్నా లెన్సు మీద ఇంకా పలచగా ఉండి, త్వరగా విచ్చిపోతుంది. విచ్చిన చోట చూపు చెదురుతుంది. రెప్ప కొడితే మళ్ళీ పరుచుకుంటుంది.

మామూలుగా నిమిషానికి 15 సార్లు దాకా రెప్పలు కొడతాం. కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు అది సగానికో, ఇంకా కిందికో పడిపోతుంది. ఎర్పేడు ఐఐటీ విద్యార్థి పొద్దున ఏడింటికి లెన్సు పెట్టుకుని, రాత్రి తొమ్మిదింటికి ఏసీ గదిలో ల్యాప్‌టాప్ ముందు "పవర్ పెరిగినట్టుంది" అనుకుంటాడు. పవర్ పెరగలేదు, లెన్సు ఆరింది. మే నెలలో చిత్తూరు నుంచి బైకు మీద హెల్మెట్ అద్దం ఎత్తి వచ్చేవారిదీ ఇదే కథ. 1990ల చివర్లో వచ్చిన సిలికోన్ హైడ్రోజెల్ లెన్సులు కంటికి ఆక్సిజన్ అందడంలో గొప్ప మార్పు తెచ్చాయి గానీ, కన్నీటి పొర సమస్యను పూర్తిగా తీర్చలేదు.

## 6/6 చదివిన కన్ను గర్భాలయం ముందు

చార్టు మీద నల్లటి అక్షరాలు, తెల్లటి వెనుక తెర, బోలెడు వెలుతురు. బతుకులో అంత శుభ్రమైన దృశ్యం ఎక్కడా ఉండదు. మసక వెలుతురులో ముదురు రంగు పక్కన ఇంకాస్త ముదురు రంగును గుర్తుపట్టడం వేరే సామర్థ్యం, దాన్ని కాంట్రాస్ట్ అంటారు. 6/6 అంకె దాని గురించి ఏమీ చెప్పదు.

శ్రీవారి గర్భాలయంలో కరెంటు దీపాలుండవు, నేతి దీపాల వెలుగే. మహాలఘు దర్శనమైతే జయవిజయుల దగ్గర నుంచే చూసి కదలాలి, అదీ "జరగండి, జరగండి" అంటుండగా, కొన్ని సెకన్లు. పగటి ఎండలో 3 మి.మీ. ఉన్న కంటిపాప ఆ చీకట్లో 6 మి.మీ.కు విచ్చుకుంటుంది. సరికాకుండా మిగిలిన పవర్ ఎంతున్నా దానివల్ల వచ్చే మసక కంటిపాప వెడల్పుతోపాటే పెరుగుతుంది, పాప రెండింతలైతే మసకా రెండింతలు. -3.00, -0.75 మనిషి లెన్సుతో పగలు దాటేసిన లోపం సరిగ్గా ఇక్కడ బయటపడుతుంది. అతనికి సిలిండర్ మొత్తం సరిచేసిన అద్దాలే స్వామిని తేటగా చూపిస్తాయి, క్యూలో చెమటకూ తోపులాటకూ అవి మరకలు పడకుండా ఉంటే. సిలిండర్ లేని -6 మనిషి సంగతి వేరు. అతనికి లెన్సు 7 శాతం పెద్ద బొమ్మనిస్తుంది, ఓరగా చూడాల్సి వచ్చినా అంచులు చెదరవు. కంపార్టుమెంట్లో గంటల తరబడి కూర్చుని ఆరిపోయిన లెన్సైతే ఆ లాభమంతా ఒక్క రెప్పపాటు ఆలస్యంలో పోతుంది.

రాత్రిపూట మాట వచ్చింది కాబట్టి కలర్ లెన్సుల ప్రస్తావన కూడా. వాటిలో మధ్యన రంగు లేకుండా వదిలిన కిటికీ సైజు మారదు. చీకట్లో కంటిపాప దానికన్నా పెద్దదైతే రంగు అంచులు చూపులోకి అడ్డం వస్తాయి. పెళ్ళి ఫోటోలకు బాగుండే లెన్సుతో రాత్రి కారు నడపడం కష్టమవడానికి కారణం అదే.

## తెలిసినవాళ్ళు కూడా ఒకే మాట ఎందుకు చెప్పరు

చార్టు చదివించి పోల్చేవారికి తేడా దాదాపు కనిపించదు. కాంట్రాస్ట్ కొలిచేవారిలో కొందరికి సాఫ్ట్ లెన్సుతో చూపు కొంచెం తగ్గినట్టు కనిపిస్తుంది. అందులో ఎక్కువ భాగం సరిచేయకుండా వదిలిన సిలిండర్ పాపమేనని, దాన్ని సరిచేసి కొలిస్తే తేడా కరిగిపోతుందని ఇంకొందరంటారు. పెట్టుకునేవాళ్ళను అడిగితే పక్కచూపు, ఆటలు, మొహం మీద బరువు లేకపోవడం చెబుతారు. ముగ్గురూ కొలుస్తున్నది మూడు వేర్వేరు సంగతులు. నాకైతే రెండో వర్గంలోని ఆ 'ఇంకొందరి' మాట ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది, ఎందుకంటే కన్నీటి పొర బాగుండి, సిలిండర్ లేని కళ్ళలో సాఫ్ట్ లెన్సు వెనకబడడానికి దృశ్యశాస్త్రంలో పెద్ద కారణమేదీ లేదు. కన్నీటి పొర బాగుండి అన్న షరతు చిన్నదేమీ కాదు, అది వేరే మాట.

చూపు నాణ్యత లెక్కలో ఇన్ఫెక్షన్‌ను కూడా కలపాలి. కార్నియా మీద మచ్చ పడ్డాక అద్దమైనా లెన్సైనా ఒకటే. నదులు, చెరువులు, కుళాయి నీళ్ళలో కూడా ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి లెన్సు చాటున చేరితే వచ్చే జబ్బు అరుదైనదే గానీ మహా మొండిది. పుష్కరిణి స్నానం, కల్యాణకట్ట దగ్గర తల మీద పోసే నీళ్ళు, లెన్సుతో ఈ రెండూ కలవవు. రాత్రి లెన్సుతోనే నిద్రపోతే ముప్పు చాలా రెట్లు పెరుగుతుంది.

## నలభై దాటాక దగ్గరిచూపు

మైనస్ వాళ్ళకు లెన్సు పెట్టే కనిపించని పన్ను ఒకటుంది. -6 అద్దాలతో 33 సెం.మీ. దూరంలో పుస్తకం చదవడానికి కన్ను సుమారు 2.5 డయాప్టర్లు సర్దుకుంటే చాలు. ఆ 12 మి.మీ. పుణ్యమే అది. లెన్సుతో అదే పుస్తకానికి 2.9 కావాలి. పాతికేళ్ళ వయసులో ఈ తేడా లెక్కలోకి రాదు. నలభై రెండు, నలభై మూడులో, చత్వారం అంచున, అద్దాలతో చదువుతున్న మనిషి లెన్సు పెట్టుకోగానే ఫోనును దూరం జరుపుతాడు. ప్లస్ వాళ్ళకు ఇది తిరగబడి, లెన్సు పెట్టుకుంటే దగ్గరిచూపు సులువవుతుంది.

చత్వారానికి మల్టీఫోకల్ సాఫ్ట్ లెన్సులున్నాయి. అవి దూరపు వెలుతురునూ దగ్గరి వెలుతురునూ ఒకేసారి కంట్లోకి పంపుతాయి, మెదడు కావలసింది ఏరుకుంటుంది. ఏరుకున్నా రెండోది వెనక మసకగా ఉంటూనే ఉంటుంది గనక కాంట్రాస్ట్ కొంత పోతుంది. ఒక కంటికి దూరం, ఒక కంటికి దగ్గర ఇచ్చే మోనోవిజన్‌లో కాంట్రాస్ట్ నిలుస్తుంది, లోతు అంచనా దెబ్బతింటుంది. ప్రోగ్రెసివ్ అద్దాల్లో ఈ రెండు నష్టాలూ లేవు, కానీ తేటగా కనిపించే దారి సన్నగా ఉంటుంది, పక్కలు మసక.

శ్రీకాళహస్తిలో గుడ్డ మీద కలంతో గీసే కలంకారీ పనివారిలో నలభై అయిదేళ్ళ -6 మనిషిని తీసుకోండి. సన్నటి గీత దగ్గరికి వచ్చేసరికి అద్దాలు నుదుటి మీదికి తోసి గుడ్డ మీదికి వంగుతుంది. అద్దాలు లేని ఆ కన్ను 18 సెం.మీ. దగ్గర ఏ శ్రమా లేకుండా తేటగా చూస్తుంది, 33 సెం.మీ.తో పోలిస్తే గీత దాదాపు రెట్టింపు పెద్దగా కనిపిస్తుంది. లెన్సు పెట్టుకుంటే ఈ సౌకర్యం పోతుంది. అంత దగ్గరగా చూడాలంటే లెన్సు మీద మళ్ళీ అయిదారు డయాప్టర్ల ప్లస్ అద్దం కావాలి. పెళ్ళికి వెళ్ళేటప్పుడు లెన్సు, పని దగ్గర అద్దాలు అని ఆమె రెండూ ఉంచుకుంటే ఆ రెండు చీటీలూ వేర్వేరుగా రాయించుకోవాల్సినవే.